బిందె తిప్పే చక్రం

మొన్న హన్మకొండలో ఒక దుకాణం ముందు కాలిన రంగు వాసన వచ్చి ఆగాను. లోపల లేజర్ మిషను కింద ఒక స్టీలు సీసా రెండు రోలర్ల మీద దానంతటదే తిరుగుతోంది. దాని మీద ఎవరిదో పేరు పడుతోంది. అలా తిప్పే చక్రాన్ని నలభై ఏళ్ల కిందటే పాత సైకిల్ హబ్బులతో నేను చేశానంటే ఎవరు నమ్ముతారు? నమ్మవలసిన మనిషే ఆనాడు నమ్మలేదు.

ఆ మనిషి సాంబన్న. అదే హన్మకొండ చౌరస్తా దగ్గర గిన్నెల దుకాణం అరుగు మీద కూర్చుని కొత్త సామాను మీద పేర్లు కొట్టేవాడు. పెళ్లికి పెట్టిన బిందె మీద ఇచ్చినవాళ్ల పేరు లేకపోతే మా వైపు అది ఇచ్చినట్టే కాదు. ఉలి పట్టడం, కరెంటు పెన్ను పట్టడం, నాకు వచ్చిన పనంతా ఆయన నేర్పిందే. ఈ మాట ఒప్పుకోవడానికి చాలా ఏళ్లు పట్టింది. బిందెను తొడల మధ్య ఇరికించుకుని, ఎడమచేత్తో తిప్పుతూ రాయాలి. నా అక్షరాలు ఎప్పుడూ పైకి పోయేవి.

"నీ పేరు యాదగిరైతే అక్షరాలన్ని గుట్టెక్కాల్నారా?" అని నవ్వేవాడు.

అందుకే రెండు నెలలు కష్టపడి బిందెను తిప్పే ఆ స్టాండు చేశాను. హబ్బుల మీద రబ్బరు తొడిగిన రోలర్లు, పక్కన కుట్టుమిషన్ చక్రం. చక్రం తిప్పితే బిందె నిదానంగా తిరుగుతుంది, రాసే చెయ్యి ఉన్నచోటే ఉంటుంది. నర్సంపేట పెళ్లివాళ్లు చుట్టూ చేరి చూస్తుండగా నాలుగు అక్షరాలు ముత్యాల్లా పడ్డాయి. ఐదో అక్షరం దగ్గర బిందెకు చిన్న సొట్ట. పెన్ను జారి అడ్డంగా గీత పడింది.

"బిందె గుండ్రంగ ఉంటదని నీకెవడు చెప్పిండురా?" అన్నాడు సాంబన్న. అక్కడితో ఊరుకోలేదు. "తీస్కపోయి మీ అమ్మకియ్యి. కండెలు చుట్టుకుంటది."

అందరూ నవ్వారు. మా అమ్మ మగ్గాలకు నూలు కండెలు చుట్టి నన్ను పెంచింది. స్టాండు భుజానికెత్తుకుని వచ్చేశాను.

వరంగల్‌లో సొంతంగా పేర్లు కొట్టడానికి కూర్చున్నాను. సొట్ట వస్తే పెన్ను లేచి దిగేలా స్ప్రింగు బిగించాను. ఆ ఆలోచన ఆయన ఎత్తిపొడుపులోంచే వచ్చిందని ఎవరికీ చెప్పలేదు. ఆరేళ్లు ఆ చౌరస్తా తొక్కలేదు.

ఒక మధ్యాహ్నం ఆయనే వచ్చాడు. సంచిలో ఇత్తడి బిందె. కుడిచెయ్యి వణుకుతోంది.

"బిడ్డ పెండ్లి పెట్టుకున్న. పేరు నా చేత్తోనే కొడ్తనని మాటిచ్చిన. రెండు చేతులతోని పడ్తె పెన్ను ఆగుతాంది, బిందె తిప్పుడే అయితలేదు. నీ మిషన్ మీద జర తిప్పుతవారా?"

"నాదేం మిషనన్నా? కండెలు చుట్టుకునేది గదా," అన్నాను, తలెత్తకుండానే.

"ఇంక యాదికున్నదారా," అని సంచి తీసుకుని వెళ్లిపోయాడు. తప్పయిందని మాత్రం అనలేదు. అనలేదన్న పట్టుతోనే నేనూ లేవలేదు.

ఆయన చనిపోయాక, స్టేషన్ ఘన్‌పూర్‌లో ఉన్న ఆయన బిడ్డను చూసి రావడానికి వెళ్లాను. ఆ బిందె వంటింట్లో ఉంది. వంకరటింకరగా ఇంటిపేరు. తర్వాత ఒట్టి ఇత్తడి.

"చెయ్యి ఆగలే నాయినకు. ఇంకొకలను ముట్టనియ్యలే," అంది ఆ అమ్మాయి. "నువ్వు పూర్తి చేస్తవా అన్నా?"

అది ఆయన చేత్తో పడాల్సిన పేరు, నా వల్ల కాదమ్మా అన్నాను.

మా అమ్మను ఆయన అన్న మాట తప్పు. ఇప్పటికీ తప్పే అంటాను. కానీ ఆ మధ్యాహ్నం పావుగంట చక్రం తిప్పి ఉంటే, ఆ పిల్ల బిందె మీద వాళ్ల నాన్న పేరు ఉండేది.