ఉప్పుమళ్లలో తొలి చినుకు

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నన్ను ఉద్దానం కొబ్బరితోటల్లోంచి తెచ్చి నౌపడ ఉప్పుమళ్లలో పడేశారు. పెళ్లి చేశారని మర్యాదగా చెప్పొచ్చు గానీ, ఆ మొదటి వేసవిలో నాకలా అనిపించలేదు. కాస్త నీడకి ఒక్క చెట్టు ఉండదు. ఎటు చూసినా కళ్లు చెదిరే తెలుపు. పుట్టింట్లో నాన్న ఆ ఏడే కొత్త కొబ్బరి మొక్కలు నాటాడు. నుయ్యి అడుగంటింది, వాన పడకపోతే మొక్కలు చస్తాయని అక్కడ అందరికీ బెంగ. ఆ బెంగని నేనూ వెంట తెచ్చుకున్నాను.

ఇక్కడి బెంగ వేరు. మళ్లలో ఉప్పు పండి, గట్ల మీద కుప్పలు పోసే రోజులవి. బస్తాలకెత్తేలోగా ఒక్క వాన పడితే వేసవి కష్టమంతా నీళ్లపాలే. మామగారు అన్నం తింటూ తింటూ లేచి వెళ్లి ఆకాశం చూసొచ్చేవారు. మా ఆయన మాట మధ్యలో ఆపేసి, గాలి ఎటు వీస్తోందని అడిగేవాడు. ఆ ఇంట్లో ఎవరికీ ఒకచోట కాలు నిలిచేది కాదు. నాకు చిరాకేసేది.

ఒకనాటి మధ్యాహ్నం పడమట నల్లగా కమ్ముకొచ్చింది. కుప్పల మీద తాటాకులు కప్పడానికి అందరం పరుగెత్తాం. మోపు దించి నడుం ఎత్తానో లేదో, మొదటి చినుకు మొహాన పడింది. మా పుట్టింట్లో తొలి చినుకుని అరచేత పట్టి కళ్లకద్దుకుంటాం. ఊహ తెలిసినప్పటి నుంచీ అదే అలవాటు. చెయ్యి దానంతటదే చాచుకుంది. కళ్లకద్దుకున్నాను. పైగా నవ్వాను కూడా, నా బుద్ధికి ఏం చెప్పను.

అత్తగారు చూసింది.

"ఏటి సేత్తన్నావే?" అంది. గొంతు పెంచలేదు. "మా కొంప ములిగిపోతంటే దండాలెట్టుకుంటన్నావా?"

సగం కుప్పలు కప్పనే లేదు, వాన కుమ్మేసింది. కరుగుతున్న ఉప్పుని బుట్టలకెత్తి మెరక మీదికి మోశాను. పగిలిన అరచేతులు భగ్గున మండాయి. వాన వెలిశాక అత్తగారు మా ఆయనతో అంది, "దీన్ని పుట్టింటికాడ దింపీసిరా. దీని మనసు ఇంకా అక్కడే ఉంది."

మా ఆయన తలెత్తలేదు. వద్దనీ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. నేను పిలిస్తే వచ్చిందా వాన? నా పిలుపుకి అంత బలమే ఉంటే ముందు ఈ సంబంధమే తప్పించుకునేదాన్ని కానా? కానీ ఆవిడ అన్నదాంట్లో అబద్ధం లేదు. అదే నన్ను కుదురుగా కూర్చోనివ్వలేదు.

ఆ వారంలోనే మా అన్నయ్య పలాసలో రైలెక్కి వచ్చాడు. నన్ను తీసుకుపొమ్మని కబురెళ్లిందేమో అనుకున్నాను. కాదు, ఊరికే చూసిపోదామని వచ్చాడట. అన్నం వడ్డిస్తూ అత్తగారు అడిగింది, "మీకాడ వాన పడిందా నాయనా?"

అన్నయ్య బయట ఖాళీ మళ్లకేసి చూసి నసిగాడు. "పడిందండి. మొక్కలు నిలబడ్డాయి."

అత్తగారు ఇంకో గరిటె పప్పు వేసింది. "పోన్లే, మీకైనా అక్కరకొచ్చింది" అని లోపలికి వెళ్లిపోయింది.

తిట్టినప్పుడు రాని ఏడుపు అప్పుడొచ్చింది. పెరట్లోకి పోయాను. చెయ్యి కడుక్కోడానికి వచ్చిన అన్నయ్య చూశాడు.

"మొక్కలు బతికాయంటే ఏడుత్తావేటే? సంతోసం నేదా?"

"ఉంది. అదే నా బాద."

"కొన్నాళ్లు నాతో వచ్చీ."

"రాను. అక్కడ కూకుంటే ఇక్కడ మబ్బేసిందేటో అని సూసుకుంటా సత్తాను."

గుమ్మంలో నిలబడి అత్తగారు విన్నది. నన్ను పంపేసే మాట ఆ ఇంట్లో మళ్లీ రాలేదు. మబ్బు పడితే మాత్రం, ఏం కోరుకోవాలో నాకు ఈనాటికీ తెలియదు.