ధారూర్‌లో దిగిన తాత

మా తాతకు ఫొటో లేదు. ఆయన పోయేనాటికి మా నాన్నకు ఏడాది నిండలేదు కాబట్టి నాన్నకూ ఆ మొహం తెలియదు. తాతకు అప్పుడు ఇరవై ఆరో, ఇరవై ఏడో. తాండూరు గనుల్లో నాపరాయి కొట్టేవాడు. ఆయన గురించి ఇంట్లో చెప్పుకునేది ఇంకొక్కటే. రాతి దుమ్ముకు దగ్గు పట్టుకుంటే వికారాబాద్‌లో గుట్ట మీది దవాఖానకు వెళ్లాడని, అక్కడి డాక్టరు రోజూ బెల్లం తినమన్నాడని.

బెల్లం తింటే గొంతులో దుమ్ము దిగిపోతుందని గనుల్లో పనిచేసేవాళ్లందరూ అంటారు. మా ఇంట్లో మాత్రం అది డాక్టరు మాట. నాన్న బతికుండగా గనికి వెళ్లిన ఆ కొన్నేళ్లూ, పని నుంచి రాగానే నానమ్మ ఆయన చేతిలో బెల్లం ముక్క పెట్టేదట. ఇప్పుడు తమ్ముడు బండల పాలిషింగ్ మిషను మీద పనిచేస్తున్నాడు. అమ్మ వాడికి పొద్దున టిఫిన్ డబ్బాతో పాటు బెల్లం కాగితంలో చుట్టి ఇస్తుంది.

వాడు చలికాలం నుంచి దగ్గుతున్నాడు. వానలు పడ్డా తగ్గలేదు. పక్కగదిలో వాడు దగ్గితే నేను చదువుతున్న వాక్యం మళ్లీ మొదటి నుంచి చదవాల్సి వచ్చేది. ఛాతీ ఫొటో తీయించుకొమ్మంటే, బుక్కులు చదివి చదివి నేను తుమ్ముకు కూడా పరేషాన్ అవుతానని ఎగతాళి చేసేవాడు. అమ్మ బెల్లం ముక్క పెద్దది చేసింది.

పోయిన నెల నానమ్మ చనిపోయింది. దానికి నాలుగు రోజుల ముందు, పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. బయట తమ్ముడు దగ్గుతుంటే ఆ దగ్గు ఆగేదాకా విన్నది.

“మీ తాత గుట్టకు పోనే పోలేదు బిడ్డా. ధారూర్‌ల దిగి మర్లొచ్చిండు.”

మిగతాది ఆగి ఆగి చెప్పింది. దవాఖానలో నెలల తరబడి ఉంచుకుంటారని, ఈలోగా గనిలో తన పని ఇంకొకరికి పోతుందని ఆయన భయపడ్డాడు. వికారాబాద్ రాకముందే ధారూర్‌లో రైలు దిగి, దుకాణంలో బెల్లం కొని, సాయంత్రం బండికి ఇంటికొచ్చాడు. డాక్టరు ఇదే తినమన్నాడని చెప్పాడు. ఇక లేవలేనప్పుడు నిజం చెప్పాడు. అప్పుడు నానమ్మకు పంతొమ్మిదేళ్లు.

తెలిసీ నాన్నకు ఎందుకు పెట్టావని అడిగాను. “ఆయన తెచ్చింది గదొక్కటే గద” అన్నది.

ఈ సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. దినాలు అయిపోయాక తమ్ముడిని బతిమాలి, ఒక్క పూటే అని ఒప్పించి, వికారాబాద్ రైలెక్కించాను. వాడు కిటికీ దగ్గర కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. నేను స్టేషన్లు లెక్కపెట్టుకుంటున్నాను.

ధారూర్‌లో బండి ఆగగానే తమ్ముడు లేచాడు. చాయ్ తెస్తానని దిగిపోయాడు. నేను తలుపు దాకా వెళ్లి నిలబడ్డాను. ప్లాట్‌ఫామ్ మీద జనం మధ్య వాడి తల ఒకసారి కనిపించి మళ్లీ కనిపించలేదు. బండి కూత వేసింది. కమ్మీ పట్టుకుని బయటికి వంగి చూశాను. బండి కదిలాక, రెండు చాయ్ కప్పులు ఒక చేత్తో పట్టుకుని, వెనక తలుపులోంచి ఎక్కి వచ్చాడు.

“గట్ల జూస్తవేందక్కా? పారిపోతననుకున్నవా?”

“తాత గీడనే దిగిండు” అన్నాను.

వికారాబాద్ వచ్చేలోపు అంతా చెప్పాను. వాడు నవ్వలేదు. చాయ్ చల్లారిపోయింది. అమ్మకు తెలుసా అని మాత్రం అడిగాడు. తెలియదన్నాను. చెప్పొద్దన్నాడు.

గుట్ట మీది దవాఖానలో చొక్కా విప్పమన్నారు. వాడు విప్పి నా చేతికిచ్చి ఎక్స్‌రే గదిలోకి వెళ్లాడు. చొక్కా జేబులో బెల్లం పొట్లం ఉంది, ఇంకా విప్పలేదు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. గాలి పీల్చి ఆపమని లోపల ఎవరో చెప్పారు. తమ్ముడు దగ్గాడు. కాసేపు ఆగి, మళ్లీ పీల్చమన్నారు.