తవిటమ్మను తిప్పిన సూర్యుడు

భీమశంకరరావు గారి కంటపడిన మనిషి గుండ్రంగా తిరగకుండా ఇల్లు చేరడు. దువ్వాడలో మా వీధివాళ్లం అందరం తిరిగినవాళ్లమే.

ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరయ్యాక ఆయన కంప్యూటర్లో ఆకాశం ఫోటోలు చూడ్డం మొదలెట్టారు. ఎక్కడో దూరదేశపు టెలిస్కోపు తీసినవట. ఒకదాని వెనక ఒకటి చూస్తుంటే చుక్కలన్నీ ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కటి మాత్రం పక్కకి జరిగింది. అదో గ్రహశకలమనీ, అంతవరకూ ఎవరి కంటా పడలేదనీ అక్కడివాళ్లు ఒప్పుకున్నారు. ఇక చూడండి. పాలవాడొస్తే అంగారకుడు, గ్యాసు బండతను వస్తే గురుడు. ఈయన వీధిలో కుర్చీ వేసుకుని సూర్యుడిలా కూర్చోవడం, ఆ ఇద్దరి మధ్యా దొరికినవాళ్లని తన గ్రహశకలంలా తిప్పడం. "గుండ్రంగా కాదండీ, కోడిగుడ్డులా" అని మధ్యలో ఓ కేక.

పక్కింటి తవిటమ్మకు మోకాలి ఆపరేషనైంది. నడవకపోతే కాలు బిగుసుకుపోతుందన్నారు డాక్టరుగారు. అదే జరిగితే బజార్లో ఆవిడ ఎండుచేపల బేరం ముగిసినట్టే. అయినా మంచం దిగదు. కోడలు నాగశ్రీ బతిమాలితే, "నా కాలు, నా ఇష్టం. నీకేటే?" అనేది.

రావుగారు వెళ్లి నడవమనలేదు. గ్రహశకలం వేషానికి మనిషి కావాలన్నారు. "నిదానంగా వెళ్లేవాళ్లు కావాలండీ. వీధిలో అందరిదీ పరుగే."

"సూరీడి సుట్టూ తిరగడానికి నానే దొరికానేటి?" అంటూనే తవిటమ్మ చేతికర్ర అందుకుంది.

మొదట కుర్చీ చుట్టూ. తర్వాత కుళాయి దాకా. "కొత్త లెక్కలొచ్చాయండీ, దారి ఇంకాస్త పొడుగట" అనేవారు ఆయన. మర్నాడు గుల్జార్ బేగం గాజుల కొట్టు దాకా. తవిటమ్మేమో తన దారి పెరిగిందని వీధంతా గొప్పలు పోయేది.

నాకేమో అన్నం సయించడం లేదు. చుక్క దారి పూటపూటకీ మారుతుందా? వెళ్లి అడిగేశాను.

"అన్నయ్యగారూ, నిజం సెప్పండి. ఆ సుక్క దారి అలా పెరిగిపోతాదేటి?"

ఆయన అటూ ఇటూ చూశారు. "మొదట్లో లెక్క కాస్త సవరించారు చెల్లెమ్మా. ఆ తర్వాత సవరించేది మన డాక్టరుగారే. ఎవరికీ చెప్పకండి."

నాతోనా ఆ మాట! ఆ వారమంతా నోరు జారకుండా కిళ్లీ పెట్టుకునే తిరిగాను.

నిన్న దారి బజారు దాకా సాగింది. పొద్దున వెళ్లిన తవిటమ్మ ఎండ నడినెత్తికొచ్చినా తిరిగి రాలేదు. ఏనాడూ కుర్చీ దిగని సూర్యుడు చెప్పుల్లేకుండా పరుగెత్తాడు, వెనకాలే నేను. చూద్దుం కదా, తవిటమ్మ పక్క కొట్టామె దగ్గర ఎండుచేపల గంప అరువు తీసుకుని, తన పాత చోట్లో గోనె పరుచుకుని దర్జాగా బేరమాడుతోంది.

"ఇంత దూరం వొచ్చాను గదా, కూకుండిపోనాను" అంది. రొప్పుతున్న రావుగారిని ఎగాదిగా చూసింది. "బేరానికి అడ్డం నిలబడిపోనారేటి బాబూ? ఇలా తిరిగి ఆ పక్కకి రండి."

సూర్యుడు బుద్ధిగా గంప చుట్టూ తిరిగాడు, కోడిగుడ్డులా.