ఆయిల్ చాంబర్ లోపలి పేరు

తిట్టాల్సిన వరుసలో మొదటిది మా కాలేజీ, కాబట్టి దానితోనే మొదలుపెడతాను. శంషాబాద్ దాటాక గుట్ట పక్కన కట్టిన ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీ అది. అందులో నేను ఇంజన్ల ల్యాబ్ చూసుకునేవాణ్ణి. ఇంజన్ బలం కొలిచే డైనమోమీటర్ ఒకటి మా దగ్గర ఉండేది. ఇంజన్‌ని దానికి బిగించి తిప్పితే, నీళ్ల ఒత్తిడితో అది ఎదురు నిలుస్తుంది. ఇంజన్ ఎంత బలంగా తోస్తోందో ముల్లు చూపిస్తుంది. మంచి యంత్రం. ఏటా దసరాకి బొట్టు పెట్టడం తప్ప దానితో మేం చేసిందేమీ లేదు. పిల్లలు సీనియర్ల రికార్డుల్లోంచి అంకెలు ఎక్కించుకునేవాళ్లు, నేను కళ్లు మూసుకుని సంతకాలు పెట్టేవాణ్ణి. ఆరేళ్లుగా ఒక ఇంజన్ ఒక్క అంకె కూడా తేడా లేకుండా ఎలా పనిచేస్తోందని ఒక్క ప్రొఫెసరూ అడిగిన పాపాన పోలేదు.

ఆ యంత్రాన్ని నిజంగా వాడుకున్న మనిషి ఒక్కడే. పదో తరగతి తప్పిన ట్రాక్టర్ మెకానిక్ కొండల్.

కొండల్ వాళ్ల పొలం విమానాశ్రయం కింద పోయింది. 2008లో విమానాలు దిగడం మొదలయ్యాక మిగతావాళ్ల పొలాలు కూడా ప్లాట్లయ్యాయి. దున్నే భూమి లేకపోతే ట్రాక్టర్ ఎందుకు? తుక్కుగూడ రోడ్డు మీద అతని రేకుల షెడ్డుకి బేరాలు తగ్గాయి. ఊళ్లో అతన్ని ‘భూమి పోయిన మొగులయ్య కొడుకు’ అనేవాళ్లు. బతికున్న మనిషిని పోయిన భూమి పేరుతో పిలవడం ఏం మర్యాదో నాకు తెలియదు. అతనికి మాత్రం అది ముల్లులా గుచ్చుకునేది. చేతి పనితో ఒక పేరు రావాలని అతని పంతం.

అతనికో అలవాటుంది. ఏ ఇంజన్ విప్పినా, తిరిగి బిగించే ముందు, అడుగున నూనె నిలిచే ఆయిల్ చాంబర్ లోపలి గోడ మీద సన్నటి పంచ్‌తో చుక్కలు చుక్కలుగా తన పేరు, ఊరు, సెల్ నంబరు కొట్టేవాడు. ఆ తర్వాత చాంబర్ బిగించి నూనె పోసేవాడు.

“నూనెలో మునిగే చోట పేరెందుకయ్యా, ఎవడు చదువుతాడు?” అని ఒకసారి వెక్కిరించాను.

“మల్ల ఇప్పినోడు సదువుతడు శేఖరన్నా. మంచిగ జేస్తే మెచ్చుకుంటడు, ఖరాబ్ జేస్తే తిడ్తడు. రెండిట్లకు నేనే ఉండాలె గద” అన్నాడు.

2011లో దుర్గేష్ అనే అతను ఆ షెడ్డుకి వచ్చాడు. తల్లి విజయగారు కోస్తా నుంచి వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని సిమెంటు వ్యాపారం నిలబెట్టిన మనిషి. ఆమె మీద నాకు గౌరవం. కొడుకుకి ఆ వ్యాపారంలోంచి అబ్బింది నల్లకళ్లద్దాలు ఒక్కటే. ఇంగ్లండులో 1964లో తయారైన రెండు సీట్ల స్పోర్ట్స్ కారు ఎక్కడో సంపాదించి, దాన్ని ‘ఈవిడ’ అని పిలిచేవాడు. ఆవిడ ఇంజన్ మాత్రం తుప్పు పట్టి కదలకుండా ఉంది. నగరంలో ఏసీ గదులున్న రెండు వర్క్‌షాపులు చూసి, విడిభాగాలు దొరకవని చేతులెత్తేశాయి. చివరికి ఎవరో కొండల్ పేరు చెప్పారు.

“ట్రాక్టర్లు చేసేవాడివి, ఇది చేయగలవా?” అన్నాడు దుర్గేష్, షెడ్డులో అడుగు పెట్టకుండానే.

కొండల్ ఇంజన్ చుట్టూ ఒకసారి తిరిగాడు. “జేస్త సార్. జర టైమ్ గావాలె.”

“చెయ్యి. ఎయిర్‌పోర్టు దగ్గర హోటల్లో పాత కార్ల ప్రదర్శన ఉంది. కారు పక్కన బోర్డు పెట్టిస్తాను. ఇంజన్ చేసినవాడిగా నీ పేరే ఉంటుంది.”

ఆ ఒక్క మాట కొండల్‌ని కట్టిపడేసింది. ఎనిమిది నెలలు షెడ్డులో వేరే పని పెట్టుకోలేదు. తుప్పు తిన్న సిలిండర్లకి లోపల నున్నగా బోర్ కొట్టించాడు, దొరకని బుష్షులు లేత్ మెషిన్ మీద చేయించాడు, ప్రతి కొలతా షెడ్డు తలుపు మీద సుద్దతో రాసుకున్నాడు. చాంబర్ లోపల అలవాటు ప్రకారం పేరు కొట్టాడు. అంతా అయ్యాక నా దగ్గరికొచ్చి, “నీ మిషిన్ మీద తిప్పి సూద్దామన్నా” అన్నాడు. మా ప్రిన్సిపాల్‌ని దుర్గేష్ ఒప్పించాడు. దుర్గేష్‌లాంటి వాళ్లకి మా ప్రిన్సిపాల్ ఎప్పుడూ ఒప్పుకునే ఉంటాడు.

నాలుగు ఆదివారాలు పట్టింది. మొదటి మూడూ ఇంజన్‌ని నిదానంగా తిప్పడానికే సరిపోయాయి. కొత్త పిస్టన్ రింగులు సిలిండర్‌తో కుదురుకోవాలంటే తొందరపడకూడదని కొండల్ పట్టు. నాలుగో ఆదివారం వేగం పెంచుతూ పోయాం. కొండల్ అరచెయ్యి ఇంజన్ మీద ఆనించి నిలబడ్డాడు. నిమిషానికి ఐదువేల చుట్ల దగ్గర ముల్లు నిలిచింది. లెక్కగట్టాను. డెబ్బై ఎనిమిది హార్స్‌పవర్. ముసలి ఇంజన్‌కి అది బ్రహ్మాండం.

దుర్గేష్ మొహం ముడుచుకుంది. పాత కార్ల క్లబ్బులో నూటపది అని చెప్పుకున్నాడట. “శేఖర్ గారూ, ఆ అంకె కాస్త సర్దండి. ఎవరు చూడొచ్చారు?”

నాకది కొత్త విద్యేమీ కాదు. పెన్ను తీశాను కూడా. కొండల్ కాగితం మీద చెయ్యి పెట్టాడు.

“గిట్ల రాయకన్నా. నా ఇంజన్ల లేని బలం రాస్తే, ఉన్నది గూడ నమ్మరు. డెబ్బై ఎనిమిది ఏమన్న తక్కువా?”

సిగ్గేసింది. ఉన్న అంకే రాసి సంతకం పెట్టాను. ఆ ల్యాబ్‌లో నేను పెట్టిన మొదటి నిజమైన సంతకం అదే.

ఇంజన్ కారులోకి ఎక్కింది. 2012 మాఘమాసంలో, బడంగ్‌పేటలోని దుర్గేష్ ఇంటి ముందు పూజ. మా ప్రిన్సిపాల్‌తో పాటు నేనూ వెళ్లాను. క్లబ్బు మిత్రులంతా దిగారు. చక్రం మార్చడం రానివాళ్లు కూడా బానెట్‌లోకి తొంగిచూసి తలలూపారు. మెరిసే కార్బురేటర్లు కనబడాలని దుర్గేష్ వాటి ఎయిర్ ఫిల్టర్లు తీయించాడు. గాలి పీల్చే నోళ్లు బార్లా తెరుచుకున్నాయి. కొండల్ తన కొత్త బనియన్ చింపి ఆ నోళ్లకి కట్టి, “నేను జెప్పేదాంక ఇది ఇప్పొద్దు” అన్నాడు. ఆ తర్వాత చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

సరిగ్గా అప్పుడే ముహూర్తం వచ్చింది. విజయగారికి ఆ గుడ్డ కంట్లో నలుసైంది. “శుభమా అని పూజ చేసుకుంటూ ఈ పాతగుడ్డేమిటి?” అని విప్పేశారు. పంతులు మంత్రం చదవగానే అందరూ ఇంజన్ మీద అక్షింతలు చల్లారు. దుర్గేష్ స్టార్ట్ చేసి, మిత్రులు వినాలని యాక్సిలరేటర్ అదిమిపట్టాడు.

ఇంజన్ రెండుసార్లు గర్జించి దగ్గడం మొదలుపెట్టింది. నాలుగు సిలిండర్లలో ఒకటి చచ్చిపోయింది. కొండల్ తడిచేతులతో పరుగెత్తుకొచ్చాడు.

“ట్రాక్టర్ మెకానిక్‌కి ఇస్తే ఇంతే” అన్నాడు దుర్గేష్, అందరికీ వినబడేలా. మిత్రులు నవ్వారు. అందులో సగం మందికి సిలిండర్లు ఎన్నో తెలియదు.

కొండల్ ఇంజన్ ఆపించి ఒక్కో ప్లగ్గూ తీసి, రంధ్రం మీద బొటనవేలు పెట్టి ఇంజన్ తిప్పించాడు. మూడోదాని దగ్గర వేలిని నెట్టే గాలే లేదు. కార్బురేటర్ విప్పితే లోపల పసుపు బియ్యం. ఒక గింజ వాల్వ్ కింద ఇరుక్కుని దాన్ని మూయనివ్వడం లేదు. వాల్వ్ నొక్కిపెట్టి, గాలి కొట్టి, అరగంటలో ఆ గింజ బయటికి తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూపించాడు.

విజయగారి మొహం పాలిపోయింది. “అయ్యో, ఆ గుడ్డ విప్పింది నేనే నాయనా. అతని తప్పేం లేదురా, దుర్గేష్” అన్నారు.

“అమ్మా, నువ్వు లోపలికి వెళ్లు” అన్నాడు కొడుకు. మిత్రుల వైపు తిరిగి, “ఏదో చిన్న సెట్టింగ్ లెండి” అని నవ్వాడు. ఇంజన్ మళ్లీ నాలుగు సిలిండర్ల మీదా నున్నగా తిరుగుతోంది. తల్లి చెప్పిన నిజాన్నీ, మెకానిక్ పరువునీ ఒక్క నవ్వుతో మింగేసిన ఆ మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండింది. కానీ నేనూ నోరు విప్పలేదు. ప్రిన్సిపాల్ పక్కనే ఉన్నాడు.

ప్రదర్శన రోజు కొండల్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. కారు చుట్టూ ఎర్రటి తాడు, పక్కన ఇంగ్లీషు బోర్డు.

“నా పేరు ఏడున్నదన్నా?”

నేను రెండుసార్లు చదివాను. ఇంజన్ ఇంగ్లండులో పునర్నిర్మించబడినది, నూటపది హార్స్‌పవర్ అని ఉంది. అతనికి చెప్పక తప్పలేదు.

చాలాసేపు బోర్డునే చూశాడు. దగ్గరికి జరిగితే సెక్యూరిటీ వాడు వెనక్కి నెట్టాడు. “పోదాం పా అన్నా. లోపటైతే ఉన్నది గద” అన్నాడు. ఆ మాట నాకు పిచ్చి ఓదార్పులా తోచింది. దారి పొడుగునా అతన్ని తిట్టాను, దుర్గేష్ దగ్గర నోరు పెగలని నా కోపమంతా ఆ అమాయకుడి మీద కక్కాను.

దుర్గేష్‌కి కార్ల మోజు తీరింది. 2014లో దాన్ని బెంగళూరు వాళ్లెవరికో అమ్మేశాడని విన్నాం. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం నేను షెడ్డులో కూర్చుని ఉండగా కొండల్ ఫోన్ మోగింది. చేతులకి గ్రీజుండి స్పీకర్ పెట్టాడు.

“నేను బెంగళూరులో మెకానిక్‌నండీ, మాది చిత్తూరు. ఒక పాత కారు విప్పాను. ఇంగ్లండులో చేసిన ఇంజన్ అని మా ఓనరుకి అమ్మారంట. చాంబర్ తీస్తే తెలుగులో మీ పేరు, ఈ నంబరు ఉన్నాయి. ఇది చేసింది మీరేనా?”

నేను లేచి నిలబడ్డాను. బోర్డు సంగతి, నూటపది సంగతి, అంతా కడిగేస్తాడనుకున్నాను.

“నేనే అన్నా. బేరింగులు ఎట్లున్నయ్?”

“ఒక్క గీత పడలేదండీ. ఇట్టాంటి పని నేను చూళ్లేదు.” అవతల పానా కింద పెట్టిన చప్పుడైంది. “తిరిగి బిగించేటప్పుడు మీ పేరు కింద నా పేరు కొట్టుకోవచ్చా?”

ఆ వారం నా సంతకం ముప్ఫై చూచిరాత రికార్డుల మీద పడింది. దాని కింద తన పేరుండాలని ఎవడూ అడగడు, అడిగితే వాడికి మతి లేనట్టే.

కొండల్ మోచేత్తో కళ్లు తుడుచుకున్నాడు. “జాగ ఉన్నది, కొట్టుకో అన్నా” అన్నాడు.