గోల్డెన్ మ్యూల్ హోటల్లో ఆర్డిస్ మోచెయ్యి

ఆర్డిస్ క్రూజిక్‌కు నిశ్శబ్దం పడేది కాదు. పెళ్లికి ముందు నుంచి రిటైరయ్యేదాకా టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసిన మనిషి. పగలంతా ఎవరో ఒకరు చెవిలో హలో హలో అంటూనే ఉండేవారు. ఇంటికొస్తే భర్త హార్లన్ గురక. లాస్ వేగస్ తూర్పు చివర వాళ్లుండే వీధిలో ఆ గురకకు పక్కింటి కుక్క కూడా లేచి కూర్చునేది. హార్లన్ గుండెపోటుతో పోయాక ఇల్లు మూగబోయింది. ఫ్రిజ్ ఆగి, మళ్లీ గుర్రుమని మొదలవుతుంది కదా, ఆ చప్పుడు కోసం ఆవిడ వంటింట్లో కుర్చీ వేసుకుని ఎదురుచూసేది.

ఒక జులైలో ఏసీ పాడైంది. వేగస్‌లో జులైలో ఏసీ పాడైతే ఇంట్లో ఉండటమంటే పొయ్యిలో ఉండటమే. మెకానిక్ మర్నాటికి గాని రానన్నాడు. ఆర్డిస్ ఒక నైటీ, పళ్ల బ్రష్షు, పదకేళి పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కి డౌన్‌టౌన్‌లో దిగింది. పెద్ద పెద్ద హోటళ్లు దాటి పక్క సందులోకి తిరిగితే గోల్డెన్ మ్యూల్ కనిపించింది. వాకిలి మీద నియాన్ దీపాల కంచరగాడిద వెనక కాలు విసురుతోంది. గది చవక. కిందంతా క్యాసినో. యంత్రాల గంటలు, గెలిచినవాళ్ల కేకలు, ఓడినవాళ్ల బూతులు గోడల్లోంచి వస్తూనే ఉన్నాయి. ఆర్డిస్ దిండు మీద తల పెట్టడమే ఆలస్యం, నిద్రపోయింది. హార్లన్ పోయాక అలా పడుకున్నది అదే మొదటిసారి.

మర్నాడు మెకానిక్ ఏసీ బాగుచేసి ఫోను చేశాడు. ఆర్డిస్ అతనికి థాంక్స్ చెప్పి, ఇల్లు అమ్మేసి, హోటల్లోనే ఉండిపోయింది.

ఒక్కనాడూ ఆడలేదు. పొద్దున గుడ్లూ హామూ తిని, కింద లీవరు లాగి ఆడే ఒక పాత జూదం యంత్రం పక్కన కుర్చీలో కూర్చుని పదకేళి పూరించేది. ఆవిడ వంక ఎవరూ చూసేవారు కాదు. అదే ఆవిడకు నచ్చింది. చుట్టూ అంత గోల ఉండి, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకపోవడం ఆపరేటరు జీవితానికి పింఛను లాంటిది. మాట్లాడేదల్లా డొరిండాతోనే. డొరిండా అక్కడ డ్రింకులు మోసే మనిషి, మోకాళ్ల నొప్పులు, నోరు మాత్రం చురుకు.

కొన్నేళ్లకు బ్రైస్ అని కొత్త మేనేజరు వచ్చాడు. మెరిసే బూట్లు, సగం మాటలు ప్రకటనల భాష. గోల్డెన్ మ్యూల్‌ను వింటేజ్ హోటలని చాటాలని అతని పట్టుదల. ఏది ఎంత పాతదో తేల్చడానికి ఒక నిపుణుణ్ణి పిలిపించాడు. ఆయన భూతద్దం పట్టుకుని తిరిగి పెదవి విరిచాడు. షాండ్లియరు నిన్నమొన్నటిది. బారు బల్ల వేరే హోటలు కూలగొట్టినప్పుడు తెచ్చింది. చివరికి వాకిలి మీది కంచరగాడిద కూడా నకలే.

"పాతవేవీ లేవా?" అని బ్రైస్ నీరసపడ్డాడు.

"డ్రైనేజీ పైపులున్నాయి సార్," అన్నాడు నిపుణుడు.

సరిగ్గా అప్పుడే ఒక టూరిస్టు ఆర్డిస్ వైపు చూపించి ఆవిడెవరని డొరిండాను అడిగాడు. "ఆవిడా? హోటలు తెరిచిన రోజు నుంచీ అక్కడే కూర్చుంది. ఆవిణ్ణి పెట్టి చుట్టూ గోడలు లేపారు," అంది డొరిండా ట్రే భుజానికెత్తుకుంటూ. బ్రైస్ చెవిన పడింది.

మర్నాటికి ఆర్డిస్ కుర్చీ చుట్టూ ఎర్ర మఖమలు తాడు వెలిసింది. ఇత్తడి రేకు మీద "మా తొలి అతిథి" అని చెక్కించారు.

"బాబూ, నేనొచ్చింది ఏసీ పాడై," అంది ఆర్డిస్.

"తెలుసు మేడమ్. షాండ్లియరు కూడా అసలుది కాదు. దాని మీద కూడా రేకు కొట్టించా. మీరు కూర్చోండి చాలు."

ఆవిడ సర్దుకుపోయింది. జనం ఫొటోలు తీసుకునేవారు. ఒకరోజు ఓహాయో నుంచి వచ్చిన లావుపాటి మనిషి తాడు మీదుగా వంగబోయి, తూలి, ఆవిడ ఎడమ మోచెయ్యి పట్టుకున్నాడు. క్షమించమని చెప్పి వెళ్లి యంత్రం లాగితే గెలిచాడు. వాడి భార్య కూడా వచ్చి ఆ మోచెయ్యి పట్టుకుని వెళ్లి ఆడింది. ఆమె కూడా గెలిచింది. ఇంకేముంది, సాయంత్రానికల్లా ఆ మోచేతికి వరుస కట్టారు. ఆర్డిస్ పెన్ను ఎత్తేలోపు ఎవరో రుద్దేవారు. చర్మం కందిపోయింది. డొరిండా వెన్న తెచ్చి రాసింది. దాంతో చెయ్యి జారితే అదృష్టం నిలవదని జనం గొడవ చేశారు.

గెలిచినవాళ్లు ఊరంతా చెప్పారు, ఓడినవాళ్లు ఫిర్యాదు చేశారు. దాంతో జూదం యంత్రాల తనిఖీ అధికారి పెటిబోన్ దిగాడు. సన్నగా, మర్యాదగా ఉండే మనిషి. టోపీ తీసి ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, నొచ్చుకోకండి. మీ మోచెయ్యి వల్ల ఆట ఫలితం మారుతోందని ఫిర్యాదు. అదే నిజమైతే చట్టం ప్రకారం మీరు జూదపు పరికరం అవుతారు. మీలో కదిలే భాగాలేమైనా ఉన్నాయా?"

"కుడి మోకాలు కదలదు. మిగతావి బానే ఉన్నాయి."

"కరెంటుతో పనిచేసేవి?"

"వినికిడి మిషను."

పెటిబోన్ మొహం చిన్నబోయింది. విచారణ తేలేదాకా అంటూ, చాలా బాధపడుతూనే, ఆవిడ మెడలో "పనిచేయదు" అని రాసిన అట్టముక్క తగిలించాడు.

ఆర్డిస్ ఆ అట్టతోనే గుడ్లు తినడానికి వెళ్లింది. పక్క బల్ల దగ్గర ఒకాయన, "ఎప్పటికి బాగవుతారు?" అని అడిగాడు. జీవితంలో ఎన్నో అడ్డమైన ప్రశ్నలకు ఫోనులో ఓపిగ్గా జవాబు చెప్పిన మనిషికి ఆ మాటతో ఓపిక నశించింది. ఎవరూ చూడని చోటని వచ్చి ఉంటే చివరికి తనను మరమ్మతు సామాను చేశారు. ఫోర్కు బల్ల మీద పెట్టి నేరుగా కిందికి వచ్చింది.

పెటిబోన్ అక్కడే బ్రైస్‌తో మాట్లాడుతున్నాడు. వరుసలో జనం ఉన్నారు.

"డొరిండా, ఒక బిళ్ల ఇయ్యి."

"నువ్వు? ఆడతావా? జ్వరమొచ్చిందా ఏంటి తల్లీ?"

"ఓడతా. ఈ మోచేతిలో ఏమీ లేదని వీళ్లందరి ముందూ ఓడి చూపిస్తా."

కుడి అరచేత్తో ఎడమ మోచెయ్యి అందరికీ కనిపించేలా గట్టిగా రుద్దుకుంది. బిళ్ల వేసి లీవరు లాగింది. బొమ్మలు గిర్రున తిరిగి ఒకదాని పక్కన ఒకటి మూడు కంచరగాడిదలు ఆగాయి. సైరను మోగింది. పైకప్పు నుంచి కాగితం ముక్కలు రాలాయి. హాలు మధ్య అరుగు మీద నిలబెట్టిన గులాబీ రంగు టాపు లేని కారు మీద దీపాలు వెలిగాయి. ఆ యంత్రం మొదటి బహుమతి అదే.

"ఛ!" అంది ఆర్డిస్.

బ్రైస్ పరిగెత్తుకొచ్చాడు. "చెల్లదు! ఈవిడ పరికరం. మెడలో అట్ట చూడండి. యంత్రం ఇంకో యంత్రంతో ఆడకూడదు!"

పెటిబోన్ గడ్డం గోక్కున్నాడు. "వాదనలో పస ఉంది. ఈవిడ పరికరమైతే బహుమతి లేదు. కానీ అనుమతి లేని పరికరాన్ని ఇన్నాళ్లు నడిపినందుకు ఈ హాలంతా ఇప్పుడే మూయించాలి."

బ్రైస్ చుట్టూ ఉన్న జనాన్ని, మోగుతున్న యంత్రాలను చూశాడు. "మనిషే," అన్నాడు. "ముమ్మాటికీ మనిషే. చూస్తే తెలియట్లేదా సార్?"

"మీరేమంటారమ్మా?"

"ఇతను రాకముందు నుంచే నేను మనిషిని," అంది ఆర్డిస్.

పెటిబోన్ అట్టముక్క తీసేసి, మనుషుల మోచేతులకు అదృష్టంతో సంబంధం లేదని అందరికీ వినపడేలా ప్రకటించాడు. జనం గొణుక్కుంటూ చెదిరిపోయారు. వెళ్తూ వెళ్తూ ఆయన ఆవిడకు తలవంచి నమస్కరించాడు. ఆ వంగడంలోనే వేళ్లు మోచేతిని తాకాయి. పొరపాటునని ఆర్డిస్ సరిపెట్టుకుంది.

తాడు, రేకు తీసేశారు. మిగిలింది కారు. ఆర్డిస్ లైసెన్సు ఎప్పుడో మురిగిపోయింది. పైగా కారును హాల్లో పెట్టాక, హోటలు మరమ్మతులప్పుడు వాకిలి తలుపులు చిన్నవి చేశారు. ఆ కారు బయటికి వెళ్లే దారే లేదు.

"మీ కారు తీసుకెళ్లాలి మేడమ్," అన్నాడు బ్రైస్.

"అలాగే. గోడ ఎప్పుడు పగలగొడతారో చెప్పండి."

అతను గోడ వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు, తర్వాత ఆ మాట ఎత్తలేదు.

అప్పటి నుంచి ఆర్డిస్ స్టీరింగు వెనక కూర్చుని పదకేళి పూరిస్తోంది. అరుగు ఎత్తుగా ఉంది, ఎవరి చెయ్యీ అందదు. రెండో వారానికల్లా జనం మళ్లీ ఆవిడ వంక చూడటం మానేశారు. చుట్టూ గంటలు, కేకలు, బూతులు యథాప్రకారం.

విరామంలో డొరిండా వచ్చి పక్క సీట్లో కూలబడి, బూట్లు విప్పి కాళ్లు చాపుకుంటుంది.

"ఇంత మంచి బండి పెట్టుకుని ఇలా కూర్చుంటావేంటే? ఒక్కసారి ఎక్కడికైనా పోనీయి," అంది ఓ మధ్యాహ్నం.

ఆర్డిస్ పెన్ను మూత పెట్టి అద్దంలో వెనక్కి చూసింది. "వద్దమ్మా. ఇప్పుడు కదిలామంటే మళ్లీ డౌన్‌టౌన్‌లో పార్కింగ్ దొరకదు."