కిడ్నీ పుట్టే కథ చెప్పిన మేడం

మా జువాలజీ మేడం మొన్న ఆదివారం పొద్దున కాలం చేశారు. నంద్యాల నుంచి ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "కాఫీ తాగి పేపర్ చదువుతా అట్లే కుర్చీలో ఒరిగిపోయిందమ్మా, ఏ బాధా పడలేదు" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఏడ్చాను. ఆ తరువాత ఆమెను తలుచుకున్నప్పుడల్లా నవ్వే ముందు వస్తోంది.

నంద్యాలలో డిగ్రీ చదివేటప్పుడు పిండం ఎలా పెరుగుతుందో ఆమే మాకు చెప్పారు. బోర్డు మీద బొమ్మ వేసి ఊరుకునే మనిషి కాదు. కిడ్నీ పాఠం నాడు మమ్మల్నే లేపి నిలబెట్టారు. ఒక అమ్మాయి నాళం నుంచి పైకి మొలిచే మొగ్గ. ఎదురుగా ఉన్న మేమంతా దాని కోసం కాచుకున్న కణాలం. "పిలవండి మే! మీరు పిలిస్తేనే మొగ్గ వస్తాది. అది వచ్చి ముట్టుకుంటేనే మీరు బతుకుతారు" అన్నారు. మా గోలకు పక్క క్లాసు సార్ తలుపు దగ్గరికి వచ్చి, "ఏం జరుగుతాంది మేడం?" అని అడిగారు.

"కిడ్నీ పుడతాంది సార్, రవ్వంత ఓర్చుకోండి."

జన్యువులు అన్ని కణాల్లోనూ అవేననీ, ఏది ఎప్పుడు మేలుకోవాలో, ఎప్పుడు పండుకోవాలో అనేదాంట్లోనే అంతా ఉందనీ చెప్పేవారు.

పెళ్లయి ఆళ్లగడ్డ వచ్చాను. మా అత్తగారి వాళ్లది స్టీలు సామాన్ల అంగడి. కడుపుతో ఉండగా అయిదో నెల స్కానింగ్‌లో బిడ్డకు ఒక్క కిడ్నీయే కనబడింది. అది బాగానే ఉంది, భయం లేదని డాక్టరమ్మ చెప్పినా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. "గ్రహణం నాడు వాకిట్లోకి పోవద్దంటే వింటివా?" అని మా అత్త ఒకటే మాట. వినీ వినీ నాకూ నిజమేనేమో అనిపించింది. మేడంకు ఫోన్ చేసి ఏడ్చాను. మరునాడే బస్సెక్కి వచ్చేశారు.

మా అత్తను అంగడిలో ఒక చివర, నన్ను ఇంకో చివర నిలబెట్టారు. "అక్కా, కోడల్ని పిలవండి."

"ఏందీ ఆట? రామ్మే" అంది అత్త. గిన్నెల వరసల మధ్య నుంచి నడిచి వెళ్లాను.

"కిడ్నీ కూడా ఇట్లే పిలిస్తే వస్తాది. ఒక పక్క పిలుపు అందలేదు, అంతే. అది ఎవరి తప్పూ కాదు. గ్రహణం ఎప్పుడు పట్టింది?"

"పోయిన నెల."

"కిడ్నీ మొదలయ్యేది రెండో నెలలోనే. అప్పుడు మీ గ్రహణం యాడుంది?"

అత్త వేళ్ల మీద నెలలు లెక్కబెట్టింది. తరువాత మెల్లగా, "ఒక్కదాంతో బతుకుతాదా మేడం?" అంది.

"బతికేదేంది, ఎగురుతాది! ఉన్నది ఇంకొంచెం పెద్దదయి రెండింటి పనీ చేస్తాది. డాక్టరమ్మకు చూపిస్తా ఉండండి."

ఆ మధ్యాహ్నం అత్త తన చేత్తో పప్పన్నం కలిపి నాకు ముద్దలు పెట్టింది. మేడంకు కూడా పెట్టబోతే, ఆమె సిగ్గుపడకుండా నోరు తెరిచారు.

పాప పుట్టింది, పెరిగింది, బడికి పోతోంది. ఈ ఎండాకాలం దాన్ని తీసుకుని నంద్యాల వెళితే, సైకిల్ నేర్పిస్తానని మేడం పట్టుబట్టారు. కొంగు నడుముకు దోపి, సీటు పట్టుకుని వీధంతా పరుగెత్తి, మలుపు దగ్గర వదిలేశారు. పాప పడలేదు. కేకలు పెడుతూ సాగిపోయింది. మేడం నడివీధిలో రెండు చేతులూ పైకెత్తి, రొప్పుతూ నవ్వుతూ నిలబడ్డారు. ఆమె చెప్పులు వెనకాల ఎక్కడో, ఒకటి ఎవరింటి గడప ముందో, ఇంకొకటి రోడ్డు మధ్యలో, బోర్లా పడి ఉన్నాయి.