ఆటల బల్ల మీద అదనపు గీత

ఆ రోజుల్లో మాకు తెలియని సంగతులు చాలా ఉండేవి గానీ, తెలియదు అనే మాట మాత్రం నోట వచ్చేది కాదు. పై అధికారి ఏది అడిగినా ‘వచ్చు సార్’ అనడమే ఉద్యోగధర్మమని నమ్మేవాళ్ళం. ఈత వచ్చునా అంటే వచ్చు, సైకిలు వచ్చునా అంటే వచ్చు. (సైకిలు నాకు నిజంగానే వచ్చు. దిగడం రాదు.) కర్నూలు రాజధానిగా ఉన్న కాలం అది. ఊళ్ళో కట్టడాలు చాలక కొన్ని ఆఫీసులు గుడారాల్లో నడిచేవి. మా ఇంజినీరింగు ఆఫీసులో నక్షాలు గీసే విభాగం కూడా ఒక గుడారమే. ఎండాకాలంలో పెన్నులోని సిరా కాగితం చేరేలోపే ఎండిపోయేది. నేను అక్కడ ట్రేసరును. అంటే పెద్దలు గీసిన నక్షా మీద పలచటి ట్రేసింగు గుడ్డ పరిచి, కింద కనబడే ప్రతి గీతనూ నల్లసిరాతో పైన దించేవాణ్ణి. ఉద్యోగం తాత్కాలికం. కోయిలకుంట్ల దగ్గర పల్లెలో చర్చి ఉపదేశిగా ఉన్న మా నాయన, ఈస్టరు పండగనాటికి పర్మనెంటు కాకపోతే వచ్చి చేను చూసుకొమ్మని ఉత్తరం మీద ఉత్తరం రాస్తున్నాడు. తిండి పెట్టే చేనే, కాదనను. కానీ కలుపు తీయమంటే జొన్న మొక్కలు పీకే రకాన్ని నేను. ఆ ఉద్యోగం పోతే నాకు దిక్కులేదని నాకూ తెలుసు, చేనుకూ తెలుసు.

మా హెడ్ డ్రాఫ్ట్స్‌మన్‌ను మేము వెనకాల ‘పెద్ద స్కేలు’ అనేవాళ్ళం. మనిషి సన్నగా, నిటారుగా ఉండేవాడు. ఎవరి తప్పునైనా అంగుళాల్లో కొలిచి చెప్పేవాడు. నేను చేరిన కొత్తలో ఒక కాలువ నక్షాలో వంకరగా కనబడిన చిన్న గీత పొరబాటున పడిందనుకుని, దాన్ని వదిలేసి మిగతాదంతా ముత్యాల్లాగా దించాను. అది ఎవరో రైతు పొలం గట్టట. కాగితం మీద రెండు పొలాలు ఏకమైపోయాయి. ‘నిన్ను ఆలోచించమన్నదెవురప్పా?’ అన్నాడు పెద్ద స్కేలు, కోపం లేకుండానే. ‘ట్రేసరుకు కండ్లుండాల, చెయ్యుండాల. ఆ రెండింటి నడుమ ఇంకోటి ఉండకూడదు. నక్షా మీద ఈగ కూర్చోని పోయిన మచ్చుంటే ఆ మచ్చ గూడా దించాల.’ ఆ మాటను నేను బైబిలు వాక్యం కంఠస్థం చేసినట్టు చేసి పెట్టుకున్నాను.

ఇక మా ఇంజినీరు. జమ్మలమడుగు వైపు మనిషి, మెత్తనివాడు, ఆయనకున్న ఒక్క వ్యసనం పులిజూదం. ఇళ్ళు దొరక్క కుటుంబాలను తెచ్చుకోలేని వాళ్ళంతా సాయంత్రాలు విశ్రాంతి గుడారంలో చేరి, నేల మీద బొగ్గుతో గీసుకుని ఆటలాడేవాళ్ళు. ఒక మూల పులిజూదం, ఒక మూల బారాకట్ట, ఇంకో మూల చదరంగం. నాలుగు కాళ్ళు అటూ ఇటూ నడిచేసరికి గీతలు చెరిగి, చదరంగం గుర్రం బారాకట్టలోకి వెళ్ళిపోయేది. ఇంజినీరు ఎప్పుడూ మేకల పక్షం, పెద్ద స్కేలు ఎప్పుడూ పులుల పక్షం. మేకలు పులులను ఎటూ కదలకుండా కట్టేస్తే మేకల గెలుపు. రెండేళ్ళుగా ఇంజినీరు ఒక్కసారైనా కట్టలేదు. గీతలు సరిగ్గా లేకనే ఓడుతున్నానని ఆయనకొక నమ్మకం ఏర్పడింది. ఒకరోజు నన్ను పిలిపించాడు.

‘ఏమప్పా, నీకు పులిజూదం వచ్చు గదా?’

‘వచ్చు సార్.’

‘బారాకట్ట?’

‘వచ్చు సార్.’

‘చదరంగం?’

‘అదీ వచ్చు సార్.’

‘అయితే ఇను. ఈ మూడు ఆటలకూ కలిపి ఒకటే బల్ల కావాల. చెక్క మన యెండలకు ఒంగుతాది, పైన కడప బండ ఉండాల, గీతలు బండలోనే చెక్కాల. డ్రాయింగు నువ్వు చెయ్యి. బాగా కుదిరితే నిన్ను డ్రాఫ్ట్స్‌మన్‌గా పర్మనెంటు చెయ్యమని నేనే రాస్తా.’

నేను బయటికి వచ్చి గుడారం తాడు పట్టుకుని నిలబడ్డాను. నాకు ఆ మూడింట్లో ఒక్క ఆటా రాదు. రాయలసీమలో పుట్టి పులిజూదం రానివాడు ఉంటాడా అని మీరు అనుకోవచ్చు. మా ఇంట్లో ఉండేవాడు. నేను చిన్నప్పుడు చింతగింజలు గుప్పిట్లో పట్టుకుని వీధి అరుగు మీద చేరితే, నాయన చెవి పట్టుకుని ఇంట్లోకి లాక్కొచ్చేవాడు. ‘పేర్లోనే జూదం ఉండాది గదరా, ఇంకేం కావాల నీకు రుజువు?’ అనేవాడు. బారాకట్టలో గవ్వలు వేస్తారు గనుక అదీ పాపమే. చదరంగం సంగతి నాయనకు తెలియదు, తెలిసుంటే దాన్నీ చేర్చేవాడు.

‘రాదు’ అని వెనక్కి వెళ్ళి చెప్పే ధైర్యం లేదు. నేరుగా అడిగితే బండారం బయటపడుతుంది. అందుకని ఊరికే మాటల్లో పెట్టినట్టు ‘మీ ఊర్లో పులిజూదం ఎట్ల ఆడతారన్నా?’ అని ఒక్కొక్కరిని కదిలించాను. పులులు మూడే అని ఒకాయన. నాలుగు అని ఇంకొకాయన. మేకలు పదహైదు అని ఒకరు, పదహారు లేకపోతే ఆటే కాదని మరొకరు. ఒకాయన ఇసుకలో కొండలాగా గీస్తే, ఇంకొకాయన దాని మీద చదరపు పెట్టెను పెట్టాడు. బారాకట్టకు అయిదిళ్ళు అని ఆదోని వాళ్ళు, ఏడిళ్ళు అని ప్రొద్దుటూరు వాళ్ళు. చదరంగం తేలికనుకున్నాను. ఎనిమిది గళ్ళు కావాలన్నారు గనుక ఎనిమిది గీతలు గీశాను. ఏడు గళ్ళే వచ్చాయి. మళ్ళీ గీశాను, మళ్ళీ ఏడే. ఎనిమిది గళ్ళకు తొమ్మిది గీతలు కావాలని తెలుసుకోవడానికి నాకొక మధ్యాహ్నం పట్టింది. (లెక్కల్లో నాకు ఎప్పుడూ మంచి మార్కులే వచ్చేవి. ఎలా వచ్చాయో ఇప్పుడు ఆలోచిస్తే భయమేస్తుంది.)

పులిజూదం మాత్రం ఎంతకూ తేలలేదు. వారం రోజులు అన్నం సయించలేదు. రాత్రి కళ్ళు మూస్తే నాయన పులి మీద కూర్చుని చేను గట్టున ఎదురుచూస్తున్నట్టు కనిపించేది. చివరికి ఒక ఆలోచన తట్టింది. తుంగభద్ర ఒడ్డున ఒక పాత రాతి మంటపం ఉండేది. దాని నేల మీద పులిజూదం గీతలు చెక్కి ఉన్నాయనీ, తాతల కాలం నుంచీ అక్కడ ఆడుతున్నారనీ విన్నాను. మనుషులు తలొక మాట చెప్పవచ్చు, రాయి చెప్పదు కదా. మిట్టమధ్యాహ్నం ఎవరూ ఉండరని చూసుకుని వెళ్ళి, చీపురుపుల్లలతో ఊడ్చి, ట్రేసింగు గుడ్డ పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి, మోకాళ్ళ మీద వంగి దించడం మొదలుపెట్టాను. కింద మంటపం కాలుతుంటే పైన సిరా ఆరుతోంది. గీతలన్నీ తిన్నగా ఉన్నాయి, కుడి పక్కన ఒకటి మాత్రం నడిమి నుంచి అంచుకు ఏటవాలుగా, ఒక చోట చిన్న వంకరతో పోతోంది. ఇదేమిటా అని ఒక్క క్షణం చెయ్యి ఆగింది. వెంటనే కాలువ నక్షా, పెద్ద స్కేలు గుర్తొచ్చారు. నన్ను ఆలోచించమన్నదెవరు? వంకరతో సహా దించేశాను.

బల్ల తయారీ ఇంకో ప్రహసనం. కింది చట్రం చేసే వడ్రంగి ఉస్తాదు ‘ఎత్తు ఎంత పెట్టాల?’ అని అడిగాడు. ఇంజినీరు కుర్చీలో కాళ్ళు కిందికి వేసుకుని కూర్చుంటాడు. పెద్ద స్కేలుకు కుర్చీ మీద కూడా బాసిపట్లు వేసుకుని కూర్చుంటే తప్ప ఆటలో ఎత్తు తోచదు. ఆయన మోకాళ్ళు కుర్చీ చేతుల దాకా వచ్చేవి. నేను ఇద్దరి కొలతా తీసుకుని, కూడి, రెండుతో భాగించి చెప్పాను. దాంతో బల్ల ఒకరి గడ్డానికీ ఇంకొకరి బొడ్డుకూ వచ్చింది. బండ చెక్కే పెద్దాయన కడప వైపు నుంచి వచ్చాడు. నా డ్రాయింగు చూసి, ఆ ఏటవాలు గీత మీద వేలు పెట్టి ఆగాడు.

‘ఈ గీత ఏందప్పా? మా పక్క ఇట్లాంటి గీత లేదే.’

‘డ్రాయింగులో ఉండాది గదా. చెక్కు తాతా,’ అన్నాను, వచ్చినంత గాంభీర్యంతో.

‘చెక్కుతా, నాకేం పోయె. సర్కారోళ్ళ పులికి దావలు శానా కావాలేమో,’ అని ఉలి అందుకున్నాడు.

ప్రారంభోత్సవం ఆదివారం సాయంత్రం పెట్టారు. బండను ఆరుగురు మోసుకొచ్చి చట్రం మీద దించారు. నల్లగా నిగనిగలాడుతూ, మూడు ఆటలతో, నిజం చెప్పొద్దూ, చాలా అందంగా ఉంది. ఇంజినీరు నా భుజం తట్టాడు. నాకు ఆ క్షణంలో కాలర్ ఎగరేయాలన్నంత సంతోషం వేసింది. మేకలతో ఇంజినీరు, పులులతో పెద్ద స్కేలు కూర్చున్నారు. ఏం జరుగుతోందో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, చుట్టూ ఉన్నవాళ్ళు ‘ఆహా’ అన్నప్పుడల్లా నేనూ ఒక క్షణం ఆలస్యంగా ‘ఆహా’ అన్నాను. గంటన్నర గడిచింది. రెండు పులులు కట్టుబడ్డాయి. మూడోదాని పక్కన ఇంజినీరు ఒక చింతగింజను జరిపి, వెనక్కి వాలి, రెండేళ్ళ నుంచి దాచుకున్న ఊపిరి వదిలాడు. ‘అందరికీ కాఫీ చెప్పండప్పా,’ అన్నాడు. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయనుకుంటాను.

పెద్ద స్కేలు కదల్లేదు. కాసేపు బండ వైపు చూసి, నెమ్మదిగా పులిని పట్టుకుని ఆ ఏటవాలు గీత మీదుగా, వంకర దగ్గర ఒకసారి తిప్పి మరీ, ఒక మేకను దాటించి కట్టులోంచి బయట పెట్టాడు. ‘దావ ఉండాది సార్,’ అన్నాడు. మిగతావాళ్ళకు తమకు తెలిసిన గీతలే కనబడ్డాయి. గీతలు చదవడమే బతుకైన ఆయనకు మాత్రం ఆట మొదట్లోనే అది కనబడిందట. చెప్పకుండా ఊరుకున్నాడట.

ఇక చూడాలి గుడారం. ఈ గీత ఎక్కడిదని కర్నూలు వాళ్ళను అడిగితే, బండ కడపది గనుక కడప పద్ధతి అయ్యుంటుందన్నారు. కడప వాళ్ళు, గీయించింది కర్నూల్లో గనుక ఇది కర్నూలు పద్ధతేనన్నారు. తెలియదని మాత్రం ఒక్కరూ అనలేదు. ఒకాయన వాళ్ళ అవ్వ ఈ గీత మీదే ఆడేదని ప్రమాణం చేశాడు. అరగంట గడిచాక ఎవరు దేని పక్షమో వాళ్ళకే తెలియకుండా పోయింది. చివరికి అందరి తలలూ నా వైపు తిరిగాయి. ఇంజినీరు అడిగాడు. ‘గీసింది నువ్వు గదప్పా. చెప్పు. ఈ గీత ఉండాల్నా, ఉండకూడదా?’

ఉండాలి అంటే ఇంజినీరు ఓడతాడు. ఉండకూడదంటే ఎందుకు గీశావంటాడు. డ్రాఫ్ట్స్‌మన్ పోస్టు గుడారం గుడ్డలోంచి ఎగిరి, తుంగభద్ర దాటి పోతున్నట్టు కనిపించింది. నా నోట్లోంచి ఉద్యోగంలో చేరాక మొదటిసారి నిజం వచ్చింది. ‘నాకు తెలీదు సార్. నాకు ఆట రాదు. తుంగభద్ర ఒడ్డు మంటపంలో రాతి మీదుండేది దించినా.’

ఎవరూ నవ్వలేదు. అదే ఎక్కువ బాధనిపించింది. ఇంజినీరు కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. ఆ రాత్రే నేను ట్రంకు పెట్టె సర్దుకున్నాను.

మర్నాడు పొద్దున ఇంజినీరు నన్ను జీపులో ఎక్కించుకుని మంటపానికి తీసుకుపోయాడు. తానే వంగి, నా ట్రేసింగు గుడ్డను ఆ రాతి మీద పరిచాడు. వెంట్రుకవాసి తేడా లేకుండా గీత మీద గీత కూర్చుంది. వంకర మీద వంకర కూర్చుంది. పక్కన తువ్వాలు పరుచుకుని ఆటకు కూర్చోబోతున్న ముసలాయన తొంగిచూశాడు.

‘అది గీత కాదు నాయనా. బండ నెర్రిచ్చింది. మా తాత నాటినుంచీ అట్లనే ఉండాది. దాని మీద ఎవురూ పోరు.’

ఇంజినీరు చాలాసేపు ఆ పగులునూ నా గీతనూ మార్చి మార్చి చూశాడు. నా ముఖం వంక మాత్రం చూడలేదు. నేను చెయ్యగలిగింది లేక గుడ్డను చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాను.

పది రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. పర్మనెంటు. డ్రాఫ్ట్స్‌మన్‌గా కాదు, ట్రేసరుగానే. ఇంజినీరు పైకి రాసిన సిఫారసు కాగితాన్ని మా గుమాస్తా దయతలచి తెలుగులో చెప్పాడు. ‘ఇతడు ఉన్నదాన్ని ఉన్నట్టే గీయును. లేనిదాన్ని గురించి ఆలోచించడు.’ అంతే ఉంది. నేను దాన్ని పదిసార్లు చెప్పించుకున్నాను. మెచ్చుకున్నాడా, తిట్టాడా? ధైర్యం చేసి పెద్ద స్కేలును అడిగితే, ‘ట్రేసరువి, నీకెందుకు?’ అన్నాడు. ఇంజినీరు ఆ గీతలో సున్నం పూడిపించాడు గానీ, రెండు వారాల్లోనే అది ఊడివచ్చింది. ఆ పైన ప్రతి ఆటకూ ముందు, ఈ పొద్దు గీత ఉండాదా లేదా అని తేల్చుకుని కూర్చునేవాళ్ళు. రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయినప్పుడు ఫైళ్ళూ కుర్చీలూ లారీలెక్కాయి. ఆ బండను మోయడానికి ఎవరూ ఒప్పుకోలేదు.

నాయనకు ఉత్తరంలో ఆ వాక్యం రాసి పంపాను, ఎలాంటి సందర్భమో రాయలేదు. ఆయన దాన్ని ఆదివారం ఆరాధనలో లేచి నిలబడి చదివాడట. నా కొడుకు ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషని సాక్షాత్తు ఇంజినీరు దొరే రాసిచ్చినాడని అందరికీ చెప్పాడని మా అమ్మ చెప్పింది. ఆ వాక్యానికి పుట్టినిల్లు పులిజూదమని నేను ఆయనకు చివరిదాకా చెప్పలేదు. డ్రాఫ్ట్స్‌మన్‌ను కావడానికి ఆ తర్వాత పదకొండేళ్ళు పట్టింది. ఆ పదకొండేళ్ళలో, అది తిట్టేనని నాకు తెలిసిపోయిందని అనుకున్నాను. ఇప్పుడు నాయన పోయిన వయసు కూడా దాటాను. ఇంజినీరు లేడు, పెద్ద స్కేలు లేడు, అది తిట్టేనని చెప్పగలిగినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ఈ మధ్య దాన్ని నాయన చదివినట్టే చదువుకుంటున్నాను. పెట్టె సర్దుకుని చాప మీద ఏడుస్తూ పడుకున్న ఆ ఇరవై ఏళ్ళవాడికి కూడా ఒకసారి అలా చదివి వినిపించాలని ఉంటుంది. వాడు నమ్మడు, నాకు తెలుసు. అర్థం కాకపోయినా ‘అర్థమైంది సార్’ అంటాడు.